మా ఆయన పేరు మీద నడిచిన గురక

పోచంపల్లిలో మా వాడకట్టుకు వచ్చి మా ఆయన ఇల్లెక్కడ అని ఎవరైనా అడిగితే, "గురకాయన ఇల్లా?" అని మరీ దారి చూపించేవాళ్ళు. ఆ పేరు ఆయనకు అంటగట్టింది పరాయివాళ్ళు కాదు, నేనే. నాలుగేళ్లపాటు ఇంటింటికీ తిరిగి ప్రచారం చేసింది కూడా నేనే. తెలంగాణ వచ్చి రెండు మూడేళ్లు అయి ఉంటుంది అప్పటికి. నాకు నలభై ఎనిమిది, ఆయనకు యాభై రెండు. కొడుకు హైదరాబాద్ హాస్టల్లో ఉండేవాడు. ఇంట్లో మేమిద్దరం, మా అత్తమ్మ, ఒక గురక.

మాది రెండు గదుల ఇల్లు. ముందు గదిలో ఆయన గుంట మగ్గం, దాని పక్కన నా ఆసు. ఆసు అంటే తెలియని వాళ్ళ కోసం చెబుతాను. అర్ధచంద్రం ఆకారంలో మేకులు కొట్టిన చెక్క అది. ఈ కొసన ఉన్న పెద్ద మేకు నుంచి ఆ చిన్న మేకుల దాకా దారాన్ని తీసుకుపోయి, మళ్ళీ వెనక్కి తేవాలి. పొద్దంతా చెయ్యి చాపడం, ముడవడం, అంతే పని. ఒక్కో మేకుకు ఇన్ని చుట్లని లెక్క ఉంటుంది. అలా చుట్టిన దారానికి గీతలు గీసి, రబ్బరు ముక్కలతో గట్టిగా చిటికి కట్టి, రంగులో ముంచుతారు. కట్టిన చోట రంగు అంటదు. ఆ దారం పేకగా, అంటే అడ్డపోగుగా, మగ్గం ఎక్కిందంటే, నేస్తూ పోతుంటే పువ్వు దానంతట అదే పూసినట్టు కనిపిస్తుంది. చూసేవాళ్ళు నేతగాడి చెయ్యి మెచ్చుకుంటారు. ఆసు మీద కూర్చున్నదాని లెక్క ఎవరికీ గుర్తుకు రాదు. మిషన్ ఆసులు అప్పటికే చాలా ఇళ్లకు వచ్చాయి కానీ నేను మాత్రం చేతి ఆసు వదల్లేదు. నా లెక్క మీద నాకు అంత పొగరు.

గురక సంగతి మా అత్తమ్మకు గర్వకారణం. ఆమె వసారాలో పడుకునేది. పొద్దున లేవగానే చాయ్ గ్లాసు పట్టుకుని, "రాత్రి మా కొడుకు ఏం కొట్టిండే గురక! అచ్చం వాళ్ళ నాయిననే" అని మురిసిపోయేది. మా మామ బతికున్నప్పుడు ఆయన గురకకు పక్క వాడకట్టు కుక్కలు కూడా లేచేవట. కొడుక్కు తండ్రి ముక్కు రాలేదు, తండ్రి ఎత్తు రాలేదు, ఆఖరికి ఇదొక్కటైనా వచ్చిందని ఆమె సంబరం.

గోడ అవతల దర్జీ పని చేసే ఆపా ఉండేది. ఆమె కుట్టు మిషన్, మా మగ్గం ఒకదానికొకటి జవాబు చెప్పుకుంటున్నట్టు రోజంతా నడిచేవి. ఒకనాడు ఆపా గోడ మీదుగా తల పెట్టి, "రాత్రి మీ ఆయన మధ్యల ఆగిండు జరసేపు. మళ్ల ఎప్పుడు మొదలువెడ్తడో అని నాకు నిద్రే పట్టలే. వెడితే వెట్టమను గని, గట్ల ఆపొద్దని చెప్పు" అంది. ఇద్దరం పడీ పడీ నవ్వుకున్నాం. మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని కూర్చున్న ఆయన తల ఎత్తలేదు. వినిపించనట్టు, పేక దారం చుట్టిన నాడె అటూ ఇటూ విసురుతూ ఉన్నాడు.

నా బాధలు నాకుండేవి. పొద్దున లేస్తే తల దిమ్ముగా ఉండేది. ఎనిమిది గంటలు పడుకుని లేచినా, రాత్రంతా ఎవరో బండ మోయించినట్టు ఒళ్ళు నొప్పులు. మధ్యాహ్నం అయ్యేసరికి ఆసు ముందు కళ్ళు మూతలు పడేవి. కోపం మాత్రం ఎప్పుడూ మెలకువగానే ఉండేది. తిండి చూస్తే, సర్వపిండి ఒకటి తింటే రెండోది, రెండోది తింటే మూడోది. జాకెట్లు బిగుతైతే ఆపా కుట్టు సరిగ్గా లేదని ఆమెతో కూడా ఒకసారి పోట్లాడాను. వీటన్నిటికీ నా దగ్గర ఒకటే కారణం ఉండేది. మా ఆయన గురక. ఆయన రాత్రంతా గురక పెడతాడు, దానికి నాకు నిద్ర చెడుతుంది, నిద్ర చెడితే పగలు తూగుతాను. ఇంత చక్కటి లెక్క ఎవరు కాదంటారు?

ఒక ఎండాకాలం మధ్యాహ్నం జరిగింది చెబితే నా తెలివి మీకు అర్థమవుతుంది. తిన్నాక ఆసు పక్కనే చాప మీద ఒరిగాను. ఉన్నట్టుండి పెద్ద గురక. ఉలిక్కిపడి లేచాను. చూస్తే ఆయన మగ్గంలో కూర్చుని, చేతిలో నాడె పట్టుకుని నా వైపే చూస్తున్నాడు.

"కూసుండి గూడ గురక వెడ్తున్నవా? నీకేం మాయరోగం?" అని ఒంటికాలి మీద లేచాను.

"అవునే, జర కన్ను మూతవడ్డది" అన్నాడు.

కళ్ళు ఇంత పెద్దవి చేసుకుని నన్నే చూస్తున్న మనిషి, కన్ను మూతపడ్డది అంటే నేను నమ్మాను. మనకు కావలసిన జవాబు దొరికితే ఇక అనుమానం ఎందుకు వస్తుంది?

ఆ ఏడే అసలు గొడవ వచ్చింది. మాకు పట్టు నూలు ఇచ్చి చీరలు నేయించుకునే సేటు ఉన్నాడు. ఊళ్లో పెద్ద డిజైన్లన్నీ ఆయన చేతి మీదుగానే పోతాయి. మేమిచ్చిన చీర ఒకటి ఆయన గద్దె మీద పరిచి, కొంగు దగ్గర వేలు పెట్టి చూపించాడు. పువ్వుల వరసలో మూడు చోట్ల రేకలు పక్కకు జరిగి ఉన్నాయి. ఎవరో పువ్వును చెవి పట్టుకుని గుంజినట్టుంది.

"ఇరవై ఏండ్ల సంది నేస్తున్నవు. గిట్ల ఎన్నడు గాలే" అన్నాడు సేటు మా ఆయనతో. "ఇంకొక్కటి గిట్లొస్తే నీకు పట్టు ఇయ్య. టవల్లు నేసుకో."

అక్కడ నూలు కోసం వచ్చిన నేతగాళ్ళు నలుగురైదుగురు ఉన్నారు. పట్టు మీద చెయ్యి తిరిగిన మనిషిని టవల్లు నేసుకో అనడం ఎంత మాటో వాళ్ళకు తెలుసు. అందరూ నేల చూపులు చూశారు. మా ఆయన నోరు విప్పలేదు. ఆయన విప్పకపోతే నేను ఊరుకుంటానా!

"సేటూ, చెయ్యి తప్పు కాదు, నిద్ర తప్పు. రాత్రంత గురక, పగలంత కునుకు. మగ్గం మీదనే నిద్రవోతడు. దవాఖానకు తీస్కపోయి బాగుచేపిస్త. ఒక్క చీర చూడుండ్రి" అన్నాను.

ఆయన్ని కాపాడాననే అనుకున్నాను. నలుగురిలో మొగుడి పరువు నేనే గంగలో కలిపానని తోచనే లేదు. ఇంటికొచ్చే దారిలో ఆయన నాకంటే నాలుగడుగులు ముందు నడిచాడు. అంతకు మించి కోపం చూపించడం ఆయనకు రాదు.

నల్లగొండలో మా ఆడబిడ్డ ఉంటుంది. ఊపిరితిత్తుల డాక్టరమ్మ ఒకామె ఉందని, గురక జబ్బు కూడా చూస్తుందని టోకెన్ రాయించింది. సాక్ష్యం కోసం, సేటు తిప్పికొట్టిన ఆ చీర సంచిలో పెట్టుకుని బయలుదేరాం. చౌటుప్పల్ లో బస్సు మారాం. ఒక్కటే సీటు దొరికితే ఆయన నన్ను కూర్చోబెట్టి తను నిలబడ్డాడు. చిట్యాల ఎప్పుడు దాటిందో నాకు తెలియదు. నల్లగొండలో కళ్ళు తెరిస్తే చుట్టూ ఉన్నవాళ్ళంతా నన్ను చూసి నవ్వుతున్నారు. ఈ దిక్కు జనం ఎంత కలుపుగోలుగా ఉంటారు అనుకుని నేనూ నవ్వి దిగాను.

దవాఖానలో జనం చాలా ఉన్నారు. బెంచీ మీద ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుని, డాక్టరమ్మకు ఏమేం చెప్పాలో మనసులో వరస కట్టుకుంటున్నాను. పైన ఫ్యాను తిరుగుతోంది. ఆ తర్వాత వినిపించింది గురకే. వినీ వినగానే నాకు సిగ్గుతో తల తీసేసినట్టయింది. ఇంతమందిలో కూడానా! కళ్ళు తెరవకుండానే మోచేత్తో పక్కకు ఒక్క పోటు పొడిచి, "నోరు మూస్కో జర, అందరు చూస్తున్నరు" అన్నాను.

"అయ్యో, నన్నెందుకు పొడుస్తున్నవు బిడ్డా?" అంది ఒక ముసలావిడ గొంతు.

కళ్ళు తెరిచాను. నా పక్కన ఎవరో అవ్వ. మా ఆయన హాలుకు ఆ చివరన నీళ్ళ ఫిల్టర్ దగ్గర సీసా నింపుతున్నాడు.

"గురక నీదే బిడ్డా. మంచిగ కొట్టినవు" అంది ఆ అవ్వ. బెంచీ మొత్తం నా వైపే చూస్తోంది.

అప్పుడు మా ఆయన చేసిన పని నేను చచ్చేదాకా మరిచిపోను. మూత పెట్టని సీసాతో నీళ్ళు ఒలకబోసుకుంటూ పరిగెత్తుకొచ్చి, అందరి ముందు నిలబడి, "నాదమ్మా, గురక నాదే" అన్నాడు.

హాలు ఆ చివర నీళ్ళు పట్టుకుంటున్న మనిషి గురక ఈ చివర బెంచీ మీద ఎలా వినిపిస్తుంది? జనం ఘొల్లున నవ్వారు. నర్సు నవ్వింది. లోపలి నుంచి డాక్టరమ్మ తలుపు తీసుకుని వచ్చి ఏమైందని అడిగింది. నేను మాత్రం నవ్వలేదు. మగ్గం గదిలో ఆ మధ్యాహ్నం, నాడె పట్టుకుని నన్నే చూస్తున్న ఆ కళ్ళు గుర్తుకొచ్చాయి.

గదిలోకి పోయాక డాక్టరమ్మ ఆయన్నే అడిగింది, "ఎన్ని రోజుల సంది పెడ్తున్నది ఈమె?" అని.

"నాలుగేండ్లు అయితాంది మేడం."

"మధ్యలో ఊపిరి ఆగుతదా?"

"ఆగుతది. నేను లెక్కవెడ్త. ఇరవై దాటితే భుజం పట్టి పక్కకు తిప్పుత. అప్పుడు మళ్ల తీస్కుంటది."

డాక్టరమ్మ రాస్తున్న కలం ఆపింది. "రోజూనా? మరి నువ్వెప్పుడు పండుకుంటవు?"

ఆయన కళ్ళ కింద నలుపు ఉంది కదా, అది కూడా ఆయన గురక వల్లే వచ్చిందని నేను ఊరంతా చెప్పుకున్నాను. నాకు ఏడుపొచ్చింది. ఏడుపు కంటే ముందు అలవాటు కొద్దీ కోపమొచ్చింది.

"నాకెందుకు చెప్పలే?" అని ఆయన మీద విరుచుకుపడ్డాను.

"చెప్తే ఏమైతదే? ఆడిమనిషి గురక వెడ్తదంటే వాడకట్టుల నవ్వుతరు. నీకసలే కోపమెక్కువ. నాకైతే ఏమాయె, మా నాయిన పేరు నిలవెట్టిన అనుకుంటరు" అన్నాడు.

డాక్టరమ్మ నా వైపు తిరిగి ప్రశ్నలు మొదలుపెట్టింది. ముట్లు ఆగి ఎన్నాళ్ళయిందని అడిగితే మా ఆయన గోడ మీది క్యాలెండర్లో అమావాస్య ఎప్పుడో వెతకసాగాడు. రెండేళ్లు అని చెప్పాను. అంతకు ముందు రెండేళ్లు ఇష్టమొచ్చినట్టు వచ్చేవని కూడా చెప్పాను. అందరికంటే ఎక్కువ చలి వేస్తుందా, జుట్టు రాలుతోందా, గొంతు బొంగురు పోయిందా అని అడిగింది. అన్నిటికీ అవుననే చెప్పాను. గొంతు బొంగురు మా ఆయన్ని తిట్టీ తిట్టీ పోయిందనుకునేదాన్ని.

అప్పుడామె చెప్పింది నాకు అర్థమైనంత వరకు ఇది. నిద్రపోయినప్పుడు గొంతు కండరాలు అందరికీ కొంచెం వదులవుతాయి. ఆడవాళ్ళకు ముట్లు నడిచినన్నాళ్ళు ఈస్ట్రోజన్, ప్రొజెస్టిరాన్ అనే హార్మోన్లు ఆ కండరాలకు కొంత బిగువునిస్తాయి, ఊపిరి ఆగకుండా కొంత కాపలా కాస్తాయి. అవి తగ్గాక గొంతు దారి మూసుకుపోవడం ఎక్కువవుతుంది. థైరాయిడ్ కూడా తగ్గితే నాలుక, గొంతు ఉబ్బుతాయి, ఒళ్ళు పెరుగుతుంది, అది దీనికి తోడవుతుంది. ఇటు నుంచి అటు కూడా ఉంటుందట. నిద్ర ముక్కలైతే ఆకలి పుట్టించే హార్మోను, కంగారు పెట్టే హార్మోను వేళ తప్పుతాయి. నా మూడో సర్వపిండి ఎక్కణ్ణుంచి వచ్చిందో అప్పుడు తెలిసింది.

"హార్మోన్ల మీదనే అంత తోసెయ్యొద్దమ్మా. బరువు ఉంటది, గొంతు తీరు ఉంటది. పరీక్షలు చేస్తే తెలుస్తది" అంది.

పడుగు దారం వదులైతే మగ్గం మీద ఏమవుతుందో నాకు తెలుసు కాబట్టి, గొంతు సంగతి నాకు సులువుగానే ఎక్కింది. ఎక్కనిది ఇంకొకటి ఉంది. ఒళ్లో ఉన్న సంచి చూసి అదేంటని డాక్టరమ్మ అడిగింది. మా ఆయన చప్పున దాన్ని తన వైపు లాక్కోబోయాడు. నేను వదల్లేదు. చీర తీసి కొంగు పరిచి, "గిట్ల పువ్వు జరిగింది మేడం, మగ్గం మీద నిద్రపోతే..." అని మొదలుపెట్టాను.

మాట మధ్యలోనే నోరు ఆగిపోయింది. మగ్గం మీద నిద్రపోతే మగ్గం ఆగుతుంది, అంతే. నాడె కదలదు, బట్ట పెరగదు. పువ్వు ఎందుకు జరుగుతుంది? పువ్వు జరగాలంటే ఆసు మీద లెక్క తప్పాలి. చిన్నప్పటి నుంచి ఆసు ముందు పెరిగిన దాన్ని, ఏ పిల్లనడిగినా చెప్పే సంగతి నాకు తోచలేదు. కోపమొస్తే కళ్ళే కాదు, చేతి విద్య కూడా మూసుకుపోతుందేమో.

"మూడు చోట్లనేనా?" అని ఆయన్ని అడిగాను.

"మూడే. కడమయి సరిచేసిన."

"మిగిలినయి అంటే ఎన్ని?"

ఆయన చీర మడవబోతుంటే ఆపి, అంచు తిప్పి చూశాను. నేను కునికిపాట్లు పడుతూ తప్పు చుట్టిన పేకనంతా ఆయన మగ్గం మీద పోగు పోగుకూ అంచు దగ్గర లాగి, వదిలి, అవసరమైతే తెంపి అతికించి, పువ్వును పువ్వుగా నిలబెట్టాడు. రాత్రి నా ఊపిరి లెక్క, పగలు నా దారం లెక్క. ఈ రెండింటి మధ్య మూడు చోట్ల ఆయన చేతికి అందకుండా పోయింది. దానికే టవల్లు నేసుకోమన్నారు.

తర్వాత సంగతులు త్వరగా చెప్పేస్తాను. వేలికి క్లిప్పు, ముక్కుకు సన్నటి గొట్టం, ఛాతీకి పట్టీ పెట్టుకుని ఒక రాత్రి ఇంట్లోనే పడుకోవాలన్నారు. పడుకున్నాను. ఊపిరి ఆగడం ఎక్కువగానే ఉందని తేలింది. రక్తంలో థైరాయిడ్ కూడా తక్కువని వచ్చింది. పొద్దున్నే పరగడుపున ఒక గోలీ, అది వేసుకున్నాక చాలాసేపటి దాకా చాయ్ లేదు. అన్ని కష్టాల్లోకీ పెద్ద కష్టం అదే. రాత్రి ముక్కుకు తగిలించుకుని పడుకునే గాలి మిషన్ ముందు కిరాయికి తెచ్చుకున్నాం. మొదటి పది రోజులు దాన్ని పీకి పారేశాను. ఆయన మళ్ళీ పెట్టాడు. పదకొండో రోజో, పన్నెండో రోజో పొద్దున లేస్తే తల తేలిగ్గా ఉంది. ఎన్నేళ్లకో మెలకువ అంటే ఇలా ఉంటుందని గుర్తొచ్చింది.

మా అత్తమ్మకే అన్యాయం జరిగింది. నా ముక్కు మీది గొట్టం చూసి ఏనుగు తొండమని రెండు రోజులు నవ్వింది. మూడో రోజు సంగతి తెలిసి మొహం చిన్నబుచ్చుకుంది. "అయితే గురక మా కొడుకుది గాదా?" అని అడిగింది. కాదన్నాను. "ఒక్కనాడన్న వెట్టలేదా?" అని మళ్ళీ అడిగింది. పాపం, వంశం అంతరించినంత బాధ పడింది.

నా మనసులో మాత్రం సేటు గద్దె అలాగే ఉంది. అందరి ముందూ అన్న మాట అందరి ముందే తీసుకోవాలి కదా. ఆయనకు చెబితే వద్దంటాడని చెప్పకుండా, నూలు పంచే రోజు చూసుకుని చీర సంచితో పోయాను. ఆ నేతగాళ్ళంతా ఉన్నారు. గురక పెట్టే ఆడదాన్నని నలుగురు మగవాళ్ళకు చెప్పడానికి, ఆయన నాలుగేళ్లు మోసిన దాన్ని నాలుగు నిమిషాలు మోయడానికి, నాకు చేతనవుతుందా అనుకున్నాను.

"సేటూ, ఆనాడు నేను చెప్పింది అబద్ధం" అన్నాను. "గురక నాది. కునుకు నాది. ఆసు మీద లెక్క తప్పింది నేను. ఆయన చెయ్యి తప్పలే. నేను చెడగొట్టింది సరిచేసుకుంట నేసిండు. నమ్మకపోతే అంచు తిప్పి చూడుండ్రి."

సేటు చీర తిప్పి అంచు చూశాడు. దగ్గరకు తీసుకుని మళ్ళీ చూశాడు. పక్కనున్న ముసలి నేతగాణ్ణి పిలిచి చూపించాడు. అతను అంచు మీద వేలు రాస్తూ జానెడు, రెండు జానలు పోయి, "పోగు పోగుకు గుంజిండు. గింత ఓపిక నాకైతే లేదు" అన్నాడు. ఎవరూ నవ్వలేదు. సేటు పట్టు నూలు కట్ట తీసి నా చేతిలో పెట్టాడు.

ఇంటికొచ్చి కట్టను మగ్గం పక్కన పెడితే, మా ఆయన దాన్ని చూశాడు, నన్ను చూశాడు. "చెప్పినవా?" అన్నాడు. చెప్పానన్నాను. "నీకెందుకే గంత అవసరం" అని కసిరాడు. ఆయన నన్ను కసరడం చాలా ఏళ్లలో అదే మొదటిసారి. ఎంత బాగుందో చెప్పలేను.

ఆ మధ్యాహ్నం ఆయన తిని, చాప మీద ఒరిగి, చూస్తుండగానే నిద్రలోకి జారుకున్నాడు. రాత్రిళ్ళు కాపలా పని పోయింది కదా, నాలుగేళ్ల బాకీ నిద్ర ఆయన దగ్గర ఉంది. నేను ఆసు ముందు కూర్చుని కొత్త పట్టు చుడుతున్నాను. కాసేపటికి సన్నగా ఒక చప్పుడు. చెవి పెట్టి విన్నాను. గురక! ఈసారి అనుమానం లేదు, నేను మెలకువగానే ఉన్నాను. వసారాలో మా అత్తమ్మ మంచం కిర్రుమంది. "విన్నవా పిల్లా?" అని గుమ్మంలోంచి తొంగి చూసింది. ఆ ముసలి మొహంలో దీపం వెలిగినట్టుంది.

విన్నానని తల ఊపాను. దారం చేతిలో పట్టుకుని, ఆయన ఊపిరి లెక్కపెట్టాను. ఇరవై దాకా లెక్కపెట్టి, మళ్ళీ మొదటి నుంచి ఇరవై దాకా లెక్కపెట్టాను. ఎక్కడా ఆగలేదు. అప్పుడు ఆసు మీద ఎన్నో చుట్టు దగ్గర ఉన్నానో మరిచిపోయానని గుర్తొచ్చింది. ఆ మేకు దారమంతా విప్పి, మళ్ళీ ఒకటి నుంచి చుట్టాను.